చక్కెర నేల

మన యింటికి ఎవరు వచ్చినను మొదట మంచినీళ్లిచ్చి, ఆపైన నోటికి కొంచెము తీపి యందించుట మన యాచారము. బిడ్డ పుట్టినను, పరీక్షలో గెలిచినను, క్రొత్త యింట పాలు పొంగించినను తీపి లేక శుభము లేదు. ఆ తీపి ఎవరి చేతి కష్టమువలన మన వంటింటి డబ్బాలోనికి వచ్చినదని అడుగువారు మాత్రము మనలో తక్కువ. మేమును అరువది యెనిమిది యేండ్లు అడుగకయే గడిపినవారము. అడుగవలసిన యవసరము దేశము గాని దేశమున, చక్కెర పేరే పేరుగాగల యొక యూరిలో, పండ్రెండేండ్ల మనుమరాలి వలన మాకు కలిగినది. ఆ సంగతి సోదరీమణులకు చెప్పవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున హ్యూస్టన్ మహానగరమునకు నైరుతి దిక్కున సుమారు ఇరువది మైళ్ల దూరములో షుగర్ ల్యాండ్ అను పట్టణ మున్నది. ఆ పేరునకు మన భాషలో చక్కెర నేల యని యర్థము. 2020వ సంవత్సరపు జనాభా లెక్కలలో అచ్చటి జనము లక్షా పదునొకండు వేలు. అందులో మూడవ వంతునకు మించి ఆసియా ఖండమునుండి వచ్చినవారును వారి సంతతివారును. మన తెలుగువారు వీధి వీధిని కనబడుదురు. 1965లో అమెరికావారు వలసల చట్టమును సవరించిన పిదప మన వైద్యులు, ఇంజనీర్లు ఆ దేశమునకు ఎక్కువగా పోసాగిరి. హ్యూస్టన్ నగరపు ఆసుపత్రులలోను చమురు కంపెనీలలోను పనిచేయువారు అనేకులు ఈ యూరిలోను దీని చుట్టుప్రక్కలను ఇండ్లు కట్టుకొనిరి. మా అమ్మాయి, అల్లుడుగారు అట్టివారే. అద్దె యిండ్లలో పదునాలుగేండ్లు గడిపి, తుదకు సొంత యిల్లు కొనుక్కొని, "అమ్మా, నువ్వు వచ్చి పాలు పొంగించాలి" అని మా యమ్మాయి పిలువగా, 2024 ఆషాఢమున మేము బయలుదేరి వెళ్లితిమి.

ఆ యూరి యందమును చూచి మొదట మా కన్నులు చెదరిన మాట నిజము. వంకర తిరిగిన వీధులు, రెండు ప్రక్కల ఓక్ చెట్లు, ఇంటి కొక పచ్చిక బయలు, నాలుగు వీధుల కొక చెఱువు, చెఱువు గట్టున పిల్లలు నడచుటకు బాట. అంగడిలో గోంగూర మొదలు కంద వఱకు దొరకును. అష్టలక్ష్మీ దేవాలయమున తొంబది యడుగుల హనుమంతుని విగ్రహమును ఆ సంవత్సరము ఆగస్టు నెలలోనే ప్రతిష్ఠించిరి. మేమును పోయి చూచి వచ్చితిమి. శ్రావణమాసమున మంచి ముహూర్తమున గృహప్రవేశము జరిగెను. పాలు తూర్పు దిక్కుగా పొంగినవి. మా యమ్మాయి కన్నుల నీరు పెట్టుకొన్నది. పదునాలుగేండ్ల కష్టము కదా! వచ్చిన ముత్తైదువలకు మేమే పరమాన్నము వడ్డించితిమి.

ఒక్కటి మాత్రము మాకు వింతగా తోచినది. ఊరి పేరు చక్కెర నేల; ఊరంతయు తిరిగినను ఒక్క చెఱకు గడ కంటబడలేదు.

సెప్టెంబరులో మా మనుమరాలికి బడిలో ఒక పని యిచ్చిరి. తామున్న యూరికి ఆ పేరు ఎట్లు వచ్చెనో పెద్దలనడిగి, పుస్తకములు చూచి, నాలుగు పుటలు వ్రాసి తేవలెను. ఆ పిల్ల మా యొద్దకు వచ్చి, "అమ్మమ్మా, మీ ఊళ్లో చెఱకు ఉండేదని అమ్మ చెప్పింది. చెఱకు నుంచి తీపి ఎలా తీస్తారో నాకు చెప్పవూ?" అని యడిగెను.

మా పుట్టినిల్లు అనకాపల్లి ప్రాంతమున ఒక పల్లె. బెల్లమునకు అనకాపల్లి పేరు వినని వారు మనలో లేరు గదా. మా చిన్ననాట గానుగ ఆడు దినములలో ఊరంతయు కాగిన రసపు వాసన వేయుచుండెడిది. మేము మనుమరాలికి తెలిసినంత చెప్పితిమి. చెఱకు ఆకు అంచు ఱంపము వంటిది. నఱకువాని చేతులు, మెడ గీతలు పడి మండుచుండును. అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి గలదు. నఱికిన చెఱకు వరి ధాన్యమువలె నిలువ యుండదు. ఒకటి రెండు దినములలో గానుగ పట్టనిచో రసము పులిసి, తీపి తగ్గిపోవును. కనుక నఱకుట మొదలుపెట్టిన పిదప గానుగ ఆగరాదు, పొయ్యి ఆరరాదు, రాత్రి లేదు, పగలు లేదు. పెనములో రసము మరుగునప్పుడు మడ్డి తీయువాడు కునుకు తీసిన పాకము మాడును. కాలు జాఱిన ప్రాణమే పోవును. "అంత కష్టమా!" అని పిల్ల ఆశ్చర్యపడెను. "మన ఊళ్లో చేసేవాళ్లకి కూలి ఇచ్చేవారు తల్లీ, పండుగకు బట్టలు పెట్టేవారు, అయినా కష్టమే" అని మేమంటిమి. "మరి ఇక్కడ ఎవరు చేశారు?" అని ఆ పిల్ల అడిగినది. దానికి మాయొద్ద జవాబు లేదు. మఱునాడు అల్లుడుగారు గ్రంథాలయమునకు తీసికొనిపోగా, ఆ పిల్ల చదివి చెప్పుచుండగా మేము వినుచుంటిమి.

రెండు వందల యేండ్ల క్రిందట టెక్సస్ మెక్సికో దేశములోని భాగము. స్టీఫెన్ ఆస్టిన్ అనువాడు మెక్సికో ప్రభుత్వపు అనుమతితో మూడు వందల కుటుంబములను తెచ్చి బ్రేజోస్ నది ప్రాంతమున నిలిపెను. అతని వ్యవహారములు చూచిన శామ్యూల్ విలియమ్స్ అనువానికి 1828 ప్రాంతమున ఆయిస్టర్ క్రీక్ అను వాగు గట్టున విశాలమైన భూమి లభించెను. అతని సోదరులు అచ్చట ఓక్‌ల్యాండ్ అను పేర తోట వేసి, ప్రత్తి, మొక్కజొన్న, చెఱకు పండించిరి. 1843లో చక్కెర గానుగ ఏర్పడెను. నది తెచ్చిన ఒండ్రు నేల గనుక చెఱకు బాగుగా పెరిగెను. కాని నేల యొక్కటే చాలదు గదా. ఆ పని యంతయు చేసినవారు ఆఫ్రికానుండి తేబడినవారి సంతతియగు బానిసలు. పురుషులతోపాటు స్త్రీలును పొలమున వంగి పనిచేసిరి. తాము కన్న బిడ్డ తమది కాదు, యజమానుని ఆస్తి.

1850ల మొదటి సంవత్సరములలో కైల్, టెర్రీ అను ఇద్దఱు ఆ తోటను కొనిరి. బంగారము వెదకుటకు కాలిఫోర్నియాకు పోయి వచ్చినవారు వీరు. షుగర్ ల్యాండ్ అను పేరు నిలిచినది వీరి కాలముననే. ఉత్తర దక్షిణ రాష్ట్రముల యుద్ధము రాగా టెర్రీ బానిసత్వపు పక్షమున గుఱ్ఱపు దళమును కూర్చుకొని పోయి, 1861 డిసెంబరులో మొదటి పోరులోనే మడిసెను. ఆ నాటికి ఆ జిల్లాలో తెల్లవారికంటె బానిసలే ఎక్కువ. 1865 జూన్ 19వ తేదీన గాల్వెస్టన్ రేవున సైన్యాధికారి యొకడు, బానిసలందఱు స్వతంత్రులని చాటెను. ఇంతవఱకు చదివి మా మనుమరాలు పుస్తకము మూసి, "హమ్మయ్య! అయిపోయింది అమ్మమ్మా" అనెను. మేమును అట్లే యనుకొంటిమి.

కాని అయిపోలేదు. బానిసత్వమును రద్దుచేసిన రాజ్యాంగ సవరణలోనే ఒక మినహాయింపు కలదు: నేరమునకు శిక్షగా నైనచో నిర్బంధముగా పని చేయింపవచ్చును. ఆ చిన్న సందులోనుండి పెద్ద యేనుగు దూఱినది. పనిలేక తిరుగుచున్నాడనియు, చిల్లర దొంగతనము చేసెననియు నల్లజాతి పురుషులను, బాలురను పట్టి జైళ్లలో వేసిరి. జైళ్లు నిండినవి, ప్రభుత్వమునకు ఖర్చు భారమైనది. అప్పుడు ఖైదీలను కౌలుకిచ్చు పద్ధతి ప్రబలెను. మన దేశమున పొలమును కౌలుకిత్తురు. అచ్చట మనుష్యులను కౌలుకిచ్చిరి. 1878లో కన్నింగ్‌హామ్, ఎల్లిస్ అను ఇద్దఱు చెఱకు తోటల యజమానులు టెక్సస్ రాష్ట్రములోని ఖైదీలనందఱిని ఒక్క మొత్తముగా కౌలునకు తీసికొనిరి. మనిషికి నెలకు మూడు డాలర్లకు కొంచెము మించి ప్రభుత్వమునకు చెల్లించినచో చాలును. పనిచేసినవానికి చిల్లిగవ్వ లేదు.

బానిసను కొన్నవాడు, తన సొమ్ము పోవునను భయముచేతనైన వానిని కొంత కాపాడుకొనును. కౌలు ఖైదీ చచ్చినచో యజమానునికి నష్టము లేదు, మఱొకడు వచ్చును. చెఱకు నఱకు కాలము చలికాలపు మొదలు. మంచు పడక ముందే పైరు చేతికి రావలెను. మోకాలి లోతు బురదలో, దోమలలో, చాలని తిండితో, తెల్లవారకముందు మొదలుకొని చీకటి పడువఱకు పని. జ్వరముతో పడిపోయినవారు పలువురు తిరిగి లేవలేదు. ఆ ప్రాంతమునకు బ్రేజోస్ మీది నరకమని ఖైదీలలో పేరు వచ్చెను.

ఇందులో ఒక చిన్న సంగతి మా మనస్సున ముల్లువలె నాటుకొన్నది. ఎల్లిస్ తన తోటకు సార్టార్షియా అని పేరు పెట్టెను. అది అతని కూతురి పేరు. అచ్చట ఒక బడికి నేటికిని ఆ పేరే యున్నది. కూతురిపై అంత ప్రేమ గల తండ్రికి, తన పొలములో గొలుసులతో నడచుచున్న బాలుడు కూడ ఒక తల్లి కన్నవాడేయని తోచకపోయెనా? తోచియుండదు. మనకును ఎన్నియో తోచవు.

టెక్సస్ శాసనసభ 1910లో చట్టము చేయగా ఈ కౌలు పద్ధతి కొలది సంవత్సరములలో అంతరించెను. అంతకు ముందే, 1908 నాటికి, గాల్వెస్టన్ నగరపు కెంప్నర్ కుటుంబమువారును ఎల్‌డ్రిడ్జ్ అనువాడును కలిసి ఆ తోటలను గానుగను కొని ఇంపీరియల్ షుగర్ కంపెనీని స్థాపించిరి. అదే సంవత్సరము రాష్ట్ర ప్రభుత్వము అయిదువేల యెకరములకు పైగా భూమిని వారియొద్ద కొని, ఖైదీలచేత తానే సేద్యము చేయించు జైలు పొలము పెట్టెను. ఆ జైలు 2011లో గాని మూతపడలేదు. కంపెనీవారు మాత్రము ఖైదీలను విడిచి జీతగాండ్రను పెట్టుకొనిరి. బురద నేలను ఎండగట్టి, ఇండ్లు కట్టి అద్దెకిచ్చి, బడి, ఆసుపత్రి, అంగడి ఏర్పఱచిరి. కుటుంబములతో వచ్చినవారు నిలిచిరి. అది కంపెనీ యూరు. ఇల్లు కంపెనీది, వీధి కంపెనీది, వేళ తెలియుటకు ఊదు కూత కంపెనీది. అయినను మనుష్యులు మనుష్యులుగా బ్రతుకుట అచ్చట మొదలైనది అప్పుడే యని ఒప్పుకొనవలెను.

కొంతకాలమునకు చెఱకు పండించుటయే మానివేసి, ఓడలలో వచ్చు ముడి చక్కెరను శుద్ధిచేయుట యొక్కటే ఉంచుకొనిరి. 1925లో కట్టిన ఎనిమిది యంతస్తుల ఎఱ్ఱ ఇటుకల భవనము ఇప్పటికిని నిలిచియున్నది. దానిని బొగ్గుల మిద్దె యనవచ్చును. పశువుల ఎముకలను కాల్చిన బొగ్గులోనుండి గోధుమ వన్నె పానకమును వడియగట్టినచో దాని రంగు విఱిగి చక్కెర మల్లెపూవువలె తెల్లనగును. అది విన్నప్పుడు మాకు మా మామ్మగారు జ్ఞప్తికి వచ్చిరి. సీమ చక్కెరలో ఎముకలున్నవని ఆమె దేవుని నైవేద్యమునకు బెల్లము తప్ప తాకెడిది కాదు. మేము చదువుకొన్న పిల్లలము గనుక నవ్వెడివారము. ఆమె మాటలో ఉన్న నిజమునకు మేము అరువదేండ్లకు తల వంచితిమి.

1959లో ఆ యూరు కంపెనీ చేతి క్రిందనుండి వచ్చి, తన పాలకులను తానే యెన్నుకొను పట్టణ మయ్యెను. హ్యూస్టన్ నగరము చమురుతో పెరిగి పెరిగి పొలిమేరలు దాటుచుండెను. వెడల్పైన రహదారి పడినది. నగరమున ఉద్యోగము చేసి పల్లెవంటి చోట కాపురముండ గోరువారు ఇటు చూచిరి. 1968లో షుగర్ క్రీక్ అను పేటను, 1970ల రెండవ భాగమునుండి పదివేల యెకరములకు చేరువగా ఫస్ట్ కాలనీ అను మహా పేటను ముందుగా గీచిన పటము ప్రకారము కట్టిరి. చెఱకు మడులు వీధులయ్యెను. మురుగు కాలువలు చెఱువులయ్యెను. 2003 నాటికి చక్కెర శుద్ధి కర్మాగారమును మూసివేసిరి. పేరు మిగిలినది, చక్కెర పోయినది.

ఇట్లు వ్రాసికొనుచు మా మనుమరాలు 2018వ సంవత్సరమునకు వచ్చి ఆగిపోయెను. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో, ఒక క్రొత్త బడి భవనమునకు పునాదులు తీయుచుండగా, మన్ను త్రవ్వు యంత్రమునకు మనుష్యుల ఎముకలు తగిలినవి. పండితులు వచ్చి మెల్లగా త్రవ్వి చూడగా తొంబది యైదు సమాధులు బయటపడెను. కౌలు ఖైదీలను ఉంచిన బుల్‌హెడ్ అను శిబిరపు శ్మశానమది. 1878 మొదలు 1911 వఱకు అచ్చట పాతిపెట్టబడినవారు పదునాలుగేండ్ల బాలురు మొదలు డెబ్బది యేండ్ల ముసలివారు వఱకు నుండిరని ఎముకలను బట్టి నిర్ణయించిరి. చాలని తిండియు, మోయలేని బరువును ఎముకలపై గుర్తులు విడిచినవట. తొంబది యైదుగురిలో తొంబది నలుగురు పురుషులు, ఒకతె స్త్రీ. ఆ ఒక్క స్త్రీ ఎవరి బిడ్డయో, అంతమంది పురుషుల నడుమ ఆ శిబిరమున ఎట్లు దినములు గడిపెనో తలచుకొన్నప్పుడెల్ల మా కడుపు తరుగుకొని పోవును.

ఆ చోట శవములుండునని రెజినాల్డ్ మూర్ అను నొక నల్లజాతి పెద్దమనిషి ఇరువది యేండ్లుగా కనబడిన యధికారికెల్ల చెప్పుచు వచ్చెను. ఆయన ఒకప్పుడు అచ్చటి జైలులో కావలి పని చేసినవాడు. దొరికిన పిదప గాని ఆయన మాట నమ్మినవారు లేరు. ఎముకలను వేఱొక శ్మశానమునకు తరలించవలెనా, అచ్చటనే యుంచవలెనా యని వాదములు జరిగి, తుదకు 2019 చివర దొరికిన చోటనే ఒక్కొక్కరిని వేఱు వేఱు పెట్టెలలో తిరిగి భూస్థాపనము చేసిరి. మూర్‌గారు 2020లో కాలము చేసిరి.

మా యమ్మాయి ఆ పుటలు చదివి ముఖము ముడుచుకొన్నది. "అమ్మా! మంగళమా అని కొత్త ఇంటికి వచ్చాము. పాలు పొంగించి నెల తిరగలేదు. ఈ ఎముకల మాట పిల్లచేత వ్రాయించడ మెందుకు? బడిలో నలుగురూ ఏమనుకొంటారు? మన తాతలు చేసిన పాపమా ఇది? మనము నిన్న గాక మొన్న వచ్చినవాళ్లము" అన్నది. అల్లుడుగారు ఏమియు ననలేదు. పిల్ల మా మొగము చూచుచుండెను.

మా యమ్మాయి మాటలో తప్పులేదు. పరాయి దేశమున తల దాచుకొన్నవారికి, ఇరుగు పొరుగులు ఏమనుకొందురో యను జంకు ఎంత యుండునో మాకు తెలియును. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా మామ్మగారి మాట యొకటి గుర్తునకు వచ్చి, మఱునాడు కూతురిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చెప్పితిమి.

మా మామ్మగారికి ఒక యన్న యుండెను. పందొమ్మిదేండ్ల వాడు. కఱవు సంవత్సరమున, నెలకింత జీతము, బియ్యము, బట్టలు ఇత్తుమని చెప్పిన మేస్త్రీ వెంట చెన్నపట్టణమునకు పోయి ఓడ యెక్కెను. నేటాలు దేశపు చెఱకు తోటలకు పోయెనని మాత్రము తెలిసెను. 1860లో చెన్నపట్టణమునుండి ట్రూరో అను మొదటి ఓడ నేటాలునకు కూలీలను తీసికొనిపోయినది మొదలు 1911 వఱకు మన విశాఖపట్టణము, గంజాము సీమలనుండి పోయినవారు ఎందఱో. మారిషస్‌నకు, ఫిజీకి పోయినవారును గలరు. అది బానిసత్వము కాదు, అయిదేండ్ల ఒప్పందము. కాని ఒప్పందములో ఏమున్నదో చదువుకొనుట వచ్చినవారు వారిలో అరుదు. మా మామ్మగారి అన్న తిరిగి రాలేదు, జాబు రాలేదు. బ్రతికినాడో, చచ్చినాడో, చచ్చినచో ఏ తిథియో తెలియదు. తిథి తెలియనివారికి మహాలయ అమావాస్యనాడు నీళ్లు విడుతురు గదా. ప్రతి సంవత్సరము ఆనాడు మా తాతగారు ఆయన పేరు చెప్పి నీళ్లు విడుచుచుండగా, మామ్మగారు తలుపు చాటున నిలిచి, "ఏ తల్లి అయినా మా అన్నను పూడ్చిన చోట ఒక చెంబెడు నీళ్లు పోసిందో లేదో" అని కొంగుతో కన్నులు తుడుచుకొనెడిది.

"ఆ చోటును మనము చూడలేదు తల్లీ. అచ్చట ఇప్పుడు ఎవరి యిల్లు కట్టినారో, ఎవరు పాలు పొంగించినారో తెలియదు. వారికి మన పెదతాత సంగతి తెలిసి, ఒక్క మాట అనుకొంటే నీకు కోపమా? సంతోషమా?" అని మేమడిగితిమి. మా యమ్మాయి చాలసేపు మాటాడలేదు. తరువాత లేచి వంటింటిలోనికి పోయినది. మేము మఱి రెట్టించలేదు.

ఆ సంవత్సరము మహాలయ అమావాస్య అక్టోబరు 2వ తేదీని వచ్చెను. ఉదయము అల్లుడుగారు తమ పితరులకు తర్పణము విడిచిరి. ఆ విధి చివర, తన వారనువారు ఎవరును లేనివారి కొఱకు కూడ నీళ్లు విడుచుట కలదు. ఆయన అచ్చట కొంచెము ఆగి, మావంక చూచి, మఱొక దోసెడు నీళ్లు విడిచిరి. సాయంకాలము మా యమ్మాయి తానే కారు తీసి, "రా అమ్మా, చూసి వద్దాము" అన్నది. ఒక చెంబుతో నీళ్లు, పెరటిలోని నాలుగు పూవులు తీసికొనినది. మేము పిల్లతో కూడ పోయితిమి. బడి విడిచిన వేళ. పిల్లలు కేరింతలు కొట్టుచు పోవుచుండిరి. కంచె కీవల నిలిచి, మా యమ్మాయి పచ్చిక మీద నీళ్లు పోసి, పూవులు పెట్టినది. వారి మతము వేఱు, మన మతము వేఱు. మంత్ర మేమియు చదువలేదు. దప్పికతో పోయినవారికి నీళ్లు పోయుటకు మంత్ర మెందులకు? పిల్ల తల్లి కొంగు పట్టుకొని, "ఆ అమ్మాయి పేరు ఎవరికీ తెలియదా అమ్మా?" అని యడిగెను. "తెలియదు" అన్నది మా యమ్మాయి. "నువ్వు వ్రాయి. పేరు తెలియదని వ్రాయి."

పిల్ల వ్రాసి యిచ్చెను. బడిలో ఎవరేమనుకొందురో యని మా యమ్మాయి భయపడినది గాని, ఎవరును ఏమియు అనుకొనలేదు. ఉపాధ్యాయురాలు దానిని తరగతిలో చదివించెనట. మా మామ్మగారి అన్న సంగతి కూడ మనుమరాలు చివర చేర్చినదని మాకు తరువాత తెలిసినది.

సోదరీమణులారా! ఊళ్లు పెరుగుట మంచిదే. బురద నేల పట్టణ మగుట, గొలుసుల చప్పుడు విన్నచోట పిల్లల కేకలు వినబడుట మంచిది కాక మఱేమి? మా బిడ్డ యిల్లు అచ్చట చల్లగా నుండవలెననియే మా కోరిక. కాని ఆ యిల్లు నిలిచిన నేలను ఎండగట్టినవారెవరో, దున్నినవారెవరో మన పిల్లలకు చెప్పినందువలన శుభమునకు లోటు రాదు. చెప్పకుండుటయే లోటు. చేసిన పాపము మనది కాకపోవచ్చును. అనుభవించుచున్న నీడ మనదే. నీడను అనుభవించువారు చెట్టు నాటినవానిని తలచుట మన పెద్దలు నేర్పిన మర్యాద.

ఈ మాట దూరదేశమునకే కాదు. మన పట్టణముల చివర నేడు లేచుచున్న పేటలు నిన్నటి తోటలు, పొలములు, చెఱువులు. అందు ఎవరు పని చేసిరో, ఎవరు లేచిపోవలసి వచ్చెనో మన యిరుగు పొరుగుల ముసలమ్మలకు తెలియును. వారు పోకముందే ఒకనాటి సాయంకాలము పిల్లలను వెంటబెట్టుకొని పోయి అడుగుడు. అడిగి వ్రాసి యుంచుడు. మేము తిరిగి వచ్చిన పిదప మా యూరి గానుగ దొడ్డిలో పనిచేసినవారి పేర్లు ఒక పుస్తకమున వ్రాయ మొదలిడితిమి. ఇప్పటికి పదునేడు పేర్లు దొరికినవి. పెనము ప్రక్కన మడ్డి తీసిన ముసలివాని పేరు మాత్రము ఇంకను ఎవరికిని జ్ఞాపకము రాలేదు. వెదకుచున్నాము.